మెదక్ రాళ్లు చెప్పు సాక్ష్యము – రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారి జీవితము



మా లక్డారము రాళ్ల ఊరు. పటాన్‌చెరు దాటి మా ఊరి దారి పట్టినవారికి మొదట కనబడేవి గుట్టలు, వాటిని తొలిచిన క్వారీలు, కంకర కొట్టే క్రషర్లు, దుమ్ము లేపుకొంటూ పోయే టిప్పర్లు. ఇక్కడ రాయి అంటే కూలి, రాయి అంటే కూడు. రాయిని చూచి దేవుని తలంచుకొనేవారు తక్కువ.

కాని యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు రాళ్లతోనే పాఠము నేర్పినాడు. యొర్దాను నది మధ్యనుండి పన్నెండు రాళ్లు ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలువబెట్టుమన్నాడు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు తండ్రులు నది ఆరిన సంగతి చెప్పవలెనని దేవుని ఉద్దేశము. దేవుడు చేసిన కార్యము ఒక్క దినములో జరిగిపోయినది. దానిని జ్ఞాపకముంచుకొనే పని మాత్రము తరతరములకు మిగిలినది.

ఈ వ్యాసము వ్రాయుటకు మాకు ఒక కారణమున్నది. మా సంఘములోని ఒక యౌవనస్థుడు ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలిగా రాత్రి షిఫ్టు చేయుచు మిషనులో చేయి పడి రెండు వేళ్లు పోగొట్టుకొన్నాడు. మేము ప్రార్థనకు వెళ్లినప్పుడు అతని తల్లి మమ్మును ఒక ప్రశ్న అడిగినది. అయ్యగారూ, సముద్రము పాయలైనదని, ఆకాశమునుండి మన్నా కురిసినదని ప్రతి ఆదివారము చెప్పుచున్నారు గదా, అవన్నీ ఎప్పటివో, ఎవరివో, మా బస్తీకి ఒక్కటి కూడ ఎందుకు రాలేదని అడిగినది. ఆమె అవిశ్వాసముతో అడుగలేదు, కడుపుకోతతో అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు. కాలేజీలో చదివిన వేదాంతము ఆ గుడిసెలో నోటికి రాలేదు. ప్రార్థన చేసి తిరిగి వచ్చినాము.

ఆ రాత్రి మాకు మెదక్ రాళ్లు జ్ఞాపకమునకు వచ్చినవి. వాటిని నిలువబెట్టిన మనిషి జ్ఞాపకమునకు వచ్చినాడు. 1924 డిసెంబరు 25వ తేదీన మెదక్ మహాదేవాలయము ప్రతిష్ఠ జరిగి నూరేండ్లు నిండిన ఈ తరుణములో, ఆ తల్లి ప్రశ్నను దగ్గర పెట్టుకొని, రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి జీవితమును సంఘము ఎదుట ఉంచుచున్నాము.

దండులోనుండి పల్లెకు

పోస్నెట్ గారు 1870లో జన్మించినారు. వెస్లియన్ మెథడిస్టు సంఘములో సేవకుడై, 1895లో ఆ మిషను పక్షముగా మన దేశమునకు వచ్చినారు. అంతకు సుమారు పదిహేనేండ్ల ముందే వెస్లియన్ మిషనెరీలు సికింద్రాబాదులో పని ఆరంభించియుండిరి. కొత్తగా వచ్చిన ఈ యౌవనస్థునికి మొదట అప్పగింపబడిన పని తిరుమలగిరి దండులో ఉన్న ఇంగ్లీషు సిపాయిల మధ్య పరిచర్య.

ఆ పని తక్కువదని మేము అనము. అయినను ఆలోచించి చూడండి. తన భాష మాట్లాడేవారు, తన దేశపు భోజనము, చక్కని బంగళాలు, వారమునకొక ఆరాధన. ఇరువది అయిదేండ్ల వయస్సువానికి ఇంతకంటె సుఖమైన స్థలము దొరకదు. కాని దండు హద్దు దాటితే నిజాము రాజ్యపు పల్లెలున్నవి. ఆ పల్లెల అంచులలో మాలవాడలు, మాదిగవాడలు ఉన్నవి. అక్కడివారికి ఊరి బావి నీళ్లు లేవు, చదువు లేదు, దొరల యొద్ద వెట్టి మాత్రము తప్పదు. పోస్నెట్ గారి మనస్సు దండులో నిలువలేదు. పల్లెలకు పోవలెనని తీర్మానించుకొన్నారు.

1897లో ఆయన మెదక్ చేరుకొన్నారు. హైదరాబాదునుండి మెదక్ ఈనాడు బస్సులో రెండు మూడు గంటల దారి. ఆనాడు అది దినముల ప్రయాణము. అక్కడ ఒక పాత బంగళాలో కాపురము పెట్టినారు. అప్పటికి మెదక్‌లో ఉన్న ప్రార్థన స్థలము ఏపాటిదో తెలిసినయెడల మనము ఆశ్చర్యపడుదుము. మట్టి గోడలు, పొదలనుండి కొట్టి తెచ్చిన కట్టెలు, పైన గడ్డి కప్పు. మన సంఘములో ఎవరైనను మా చర్చి చిన్నదని సిగ్గుపడినయెడల ఆ గడ్డి కప్పును జ్ఞాపకము చేసుకొనవలెను.

మందు, పలక, వాక్యము

ఒక మనిషి వలన ఒక ప్రాంతము మారదు. దేవుడు పోస్నెట్ గారికి తోడివారిని ఇచ్చినాడు. ఆయన సోదరి ఎమిలీ పోస్నెట్ గారు, ఆమెతో కూడ సారా హారిస్ గారు మెదక్‌లో స్త్రీల మధ్య సేవకు నిలిచినారు. రోగులైన తల్లులను, పసిపిల్లలను చూచుకొన్నారు. అంటరానివారని ఊరు దూరముంచినవారిని చేతితో ముట్టి, పుండు కడిగి, కట్టు కట్టినారు. ఆ దినములలో ఆ ముట్టుటయే పెద్ద ప్రసంగము.

ఇదే మిషనులో నిజామాబాదు ప్రాంతమున డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు కుష్ఠురోగుల కొరకు పనిచేసినారు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆశ్రమము ఆరంభమైనది. దానికి పెద్ద మొత్తము దానము చేసినవారు రాజా నర్సాగౌడు గారు, హిందూ మతస్థులు. ఈ సంగతిని మేము కావాలనే వ్రాయుచున్నాము. దేవుడు తన కార్యమునకు ఎవరి చేతినైనను వాడుకొనగలడు. యెరూషలేము మందిరము తిరిగి కట్టబడుటకు పారసీక రాజైన కోరెషును ఆయన రేపలేదా?

మెదక్‌లో పోస్నెట్ గారు దృష్టి పెట్టిన మరియొక పని మన తెలుగు సువార్తికుల తర్ఫీదు. ఇంగ్లండు నుండి ఎందరు దొరలు వచ్చినను పల్లె పల్లెకు తిరుగలేరని ఆయన గ్రహించినారు. మాలవాడలో పుట్టిన చిన్నవాడు అక్షరాలు నేర్చుకొని, వాక్యము నేర్చుకొని, మరల మాలవాడకే బోధకుడుగా పోవలెను. ఎండలో నడచినవారు వారు. రాత్రి కూలివారు ఇల్లు చేరిన తరువాత దీపము బుడ్డి వెలుతురులో పాటలు నేర్పినవారు వారు. ఊరి పెద్దల బెదిరింపులు సహించినవారును వారే. వారిలో అనేకుల పేర్లు ఏ శిలమీదను చెక్కబడలేదు. పోస్నెట్ గారిని జ్ఞాపకము చేసుకొనేటప్పుడు ఈ పేరు లేని బోధకులను, బైబిలు స్త్రీలను విడిచిపెట్టినయెడల మన జ్ఞాపకము సగమే. యొర్దానునుండి రాళ్లు మోసినవారు కూడ పన్నెండుగురు. యెహోషువ ఒక్కడే మోయలేదు.

కరువులో లేచిన గోడలు

1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనది. అదే కాలములో మెదక్‌లో మహాదేవాలయ నిర్మాణము కూడ ఆరంభమైనది. లోక రీతిగా చూస్తే అంతకంటె తప్పు కాలము లేదు. ఇంగ్లండు నుండి డబ్బు రావలెనంటే కష్టము, సామాను రావలెనంటే ఓడలకు అపాయము. ఇటు మన ప్రాంతములో వానలు తప్పినవి, కరువు వచ్చినది. 1918లో వానలు లేక పంటలు పోయినవి; అదే సంవత్సరము దేశమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము లక్షల మందిని తీసికొని పోయినది. భూమి లేని కూలివానికి చేను ఎండితే ఆ దినమే పొయ్యి ఆరును.

ఈ కరువులో పోస్నెట్ గారు చేసిన పని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చినదే. ఆయన ఆకలిగొన్నవారిని వరుసలో నిలువబెట్టి భిక్షము వేయలేదు. పని ఇచ్చినారు. రాయి కొట్టండి, సున్నము మోయండి, గోడ కట్టండి, సాయంత్రము అన్నము తీసికొని పోండి అని పిలిచినారు. మనుషులు వచ్చినారు. మోసినారు. తిన్నారు. బ్రదికినారు. అట్లు పదేండ్లు గోడలు లేచినవి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఈ చరిత్ర విన్నప్పుడు కొందరు మనలను ఎగతాళి చేయుదురు. మీ తాతలు గంజి కొరకు క్రైస్తవులైనారు అందురు. మన యౌవనస్థులు కంపెనీలలో ఈ మాట విని తల వంచుకొని ఇంటికి వచ్చుచున్నారు. వారికి మేము చెప్పేది ఇది. మొదటిగా, ఆకలి సిగ్గు కాదు. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఆకలిగొన్నప్పుడు దేవుడు వారిని గద్దించుటతో ఆపలేదు, మన్నా కురిపించినాడు. రెండవదిగా, గంజి కొరకు వచ్చినవాడు కరువు తీరగానే పోవలెను గదా. కరువు తీరినది. పోస్నెట్ గారు పోయినారు. మిషను కూడ పోయినది. సంఘములు మాత్రము నిలిచియున్నవి. నాలుగైదు తరములు నిలిచిన విశ్వాసమును ఒక పూట గంజితో కొలువ వీలు లేదు. మూడవదిగా, తాము కట్టిన మందిరములోనే వారు కూర్చుండినారు. ఊరి గుడి గడప త్రొక్కనివ్వని కాలములో, తమ చేతులతో ఎత్తిన రాళ్ల మధ్య, ముందు వరుసలో చాప మీద కూర్చుండిన మాల కూలివానికి కలిగిన గౌరవము అన్నముకంటె పెద్దది.

అయితే పోస్నెట్ గారిలో గాని, ఆ మిషనులో గాని లోపములు లేవని మేము అనము. దొరలు ఇచ్చేవారు, మనము పుచ్చుకొనేవారము అన్న అలవాటు కొంత మన సంఘములలో అప్పుడే పడినది. అది నేటికిని పూర్తిగా పోలేదు. పరిశుద్ధులను జ్ఞాపకము చేసుకొనుట వారిని పూజించుట కాదు. దావీదు తప్పును దాచని బైబిలు మనకు మాదిరి.

నూటడెబ్బది అయిదు అడుగుల శిఖరము

ఆ దేవాలయమును చూడనివారు మన మధ్య తక్కువ. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గంట గోపురము ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును. నమూనా పాశ్చాత్య దేశపు గోథిక్ పద్ధతి. నేలమీది రంగుల పలకలు సముద్రము దాటి వచ్చినవి. ఇటలీ దేశపు పనివారు వాటిని పరచినారు. రాయి మాత్రము ఇక్కడిది. ఆ రాయిని మోసిన భుజములు ఇక్కడివి.

గోపురము ఎత్తును గూర్చి మన పెద్దలు ఒక కథ చెప్పుదురు. అది చార్మినారును మించునేమోనని నిజాము ప్రభుత్వము అభ్యంతరము చెప్పినదని, పోస్నెట్ గారు యుక్తిగా గట్టెక్కినారని ఆ కథ. పొద్దుపోక చెప్పుకొనుటకు బాగుండును. కాని మా మట్టుకు అద్భుతము ఎత్తులో లేదు. కరువు సంవత్సరములలో, యుద్ధ సంవత్సరములలో, ఒక పూట అన్నమునకు లేనివారి చేతులతో ఆ పని ఆగకుండ సాగుటలో ఉన్నది. సముద్రము పాయలగుట ఒక విధమైన అద్భుతము. పదేండ్లు పొయ్యి ఆరకుండుట మరియొక విధమైన అద్భుతము. రెండవది నిదానముగా జరుగును గనుక మనము గుర్తుపట్టము.

1924 క్రిస్మస్ దినమున దేవాలయము ప్రతిష్ఠింపబడినది. గడ్డి కప్పు క్రింద ప్రార్థించిన సంఘము ఇరువది యేడేండ్లకు ఆ మందిరములో ప్రవేశించినది.

అయినను ఆ దినమున పని పూర్తి కాలేదు. ఈనాడు మనము తల యెత్తి చూచే మూడు రంగుటద్దాల కిటికీలు ఆనాడు లేవు. ఆరోహణ కిటికీ 1927లో వచ్చినది. యేసు జనన కిటికీ 1947లో వచ్చినది. సిలువ కిటికీ 1958లో వచ్చినది. వీటిని రూపొందించినవారు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు. పోస్నెట్ గారు నలువదేండ్లకు పైగా మన ప్రాంతములో సేవచేసి స్వదేశము వెళ్లినారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. మెదక్ ఒక అధ్యక్షమండలమై, ఆ దేవాలయము దానికి ప్రధానాలయమైనది. ఆయన 1950లో ప్రభువునందు నిద్రించినారు. సిలువ కిటికీని ఆయన చూడనే లేదు. తాను మొదలు పెట్టినదానిని తానే ముగించి చూడవలెనని పట్టుపట్టేవాడు దేవుని పని చేయలేడు. మోషే కూడ కనాను దేశమును కొండమీదనుండియే చూచినాడు.

ఆ కిటికీలకు ఒక గుణమున్నది. పగలు మందిరము లోపల నిలిచినవారికే ఆ రంగులు, ఆ బొమ్మలు కనబడును. ప్రొద్దు క్రుంకిన తరువాత అవి నల్లని అద్దములే. బయట నిలిచి చూచినవానికి పగలైనను ఏమియు తెలియదు. దేవుని పూర్వకార్యములు కూడ అట్టివే. సంఘము లోపల, వాక్యపు వెలుగులో నిలిచి చూచినవానికి అవి జీవము గల చిత్రములు. బయట చీకటిలో నిలిచినవానికి అవి పాత కథలు.

గంపలు ఎన్ని?

మార్కు సువార్త 8వ అధ్యాయములో శిష్యులు దోనెలో రొట్టెలు లేవని దిగులుపడినారు. ప్రభువు అప్పుడు కొత్త అద్భుతము చేయలేదు. పాత లెక్క అడిగినాడు. అయిదువేల మందికి పంచినప్పుడు ఎన్ని గంపలు ఎత్తితిరి? నాలుగువేల మందికి పంచినప్పుడు ఎన్ని? వారికి లెక్క తెలియును. పన్నెండు, ఏడు. లెక్క తెలిసియు భయపడినారు. మన సంగతియు అంతే. 106వ కీర్తన చెప్పే తప్పు ఇదే: ఎర్ర సముద్రము దాటినవారే త్వరలో మరచిపోయినారు.

77వ కీర్తనలో ఆసాపు నిద్రలేని రాత్రి గడిపినాడు. దేవుడు కృప మానుకొన్నాడా అని అడిగినాడు, మా సంఘములోని ఆ తల్లి అడిగినట్లే. ఆ కీర్తనలో దేవుడు అతనికి జవాబు చెప్పినట్లు లేదు. అతడే పూర్వ దినములను తలపోసికొన్నాడు. ప్రశ్న తీరక ముందే బలము వచ్చినది. జ్ఞాపకము అంటే బాధను మరచుటకు త్రాగే మందు కాదు. ఆనాడు విడిచిపెట్టనివాడు ఈనాడును విడిచిపెట్టడని మనస్సుకు చెప్పుకొనే సాక్ష్యము.

కొన్నాళ్లకు మేము మరల ఆ ఇంటికి వెళ్లినాము. మెదక్ సంగతి చెప్పినాము. ఆ తల్లి చాలసేపు విని, తన అత్తగారి పెద్దలు మెదక్ తాలూకావారేనని, గుడి కట్టేటప్పుడు రాళ్లు మోసినారని ఇంట్లో అనుకొనేవారని చెప్పినది. ఇన్నాళ్లు ఆ మాట కొడుకుకు చెప్పలేదు. ఆ దినమున చెప్పినది. వేళ్లు తిరిగి రాలేదు. వచ్చినవని మేము వ్రాయము. కాని అతడు పనికి పోలేని నెలలలో సంఘములోని కూలివారు తమ బియ్యములోనుండి పిడికెడు పిడికెడు తీసి పెట్టినారు. ఆ పొయ్యి ఆరలేదు. అతడు ఇప్పుడు కావలి పనిలో ఉన్నాడు. ఆ క్రిస్మస్‌కు తల్లీ కొడుకులు మెదక్ పోయి వచ్చినారు. అక్కడ ఒక స్తంభమును చేతితో తడిమి చూచినాడట. మాకు అది చాలును.

ప్రియులారా, మన పారిశ్రామిక ప్రాంతములో షిఫ్టులు ఆదివారమును మ్రింగివేయుచున్నవి. పల్లె విడిచి వచ్చిన కుటుంబములు తమ సంఘ చరిత్రను కూడ పల్లెలోనే విడిచి వచ్చినవి. కావున మా మనవి ఒక్కటే. ప్రతి ఇంటిలో ఒక రాత్రి దీపము చుట్టు కూర్చుండండి. మీ తాత ఎట్లు ప్రభువును తెలిసికొన్నాడో, ఏ కరువులో, ఏ జ్వరములో దేవుడు మీ ఇంటిని నిలిపినాడో పిల్లలకు చెప్పండి. ఉన్నదానికి కలిపి చెప్పకండి, ఉన్నది దాచకండి. పెద్దలు గతించక ముందే ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి.

సమూయేలు ఒక రాయిని నిలిపి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టినాడు. అంతవరకు దేవుడు సహాయము చేసినాడని దాని భావము. మెదక్ రాళ్లు నూరేండ్లుగా అదే చెప్పుచున్నవి. మా లక్డారములో క్రషరు చప్పుడు మధ్య కూడ, చెవి ఒగ్గినవానికి ఆ సాక్ష్యము వినబడును. అంతవరకు సహాయము చేసిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.